పరుగులవాడి వయసులో పదమూడు నెలలు

మొదట పోయినవన్నీ లెక్క రాస్తాను. ఏడేళ్లు మా దగ్గరున్న రిసీవరు ఒకడు. మరుసటి సంవత్సరపు మొదటి చుట్టు వంతు ఒకటి. ఆ పై సంవత్సరపు రెండో చుట్టు వంతు ఒకటి. పద్దెనిమిది శనివారాల పొద్దులు. ఫ్రిజ్ తలుపుకి అతికించి ఉన్న కాగితం ఒకటి. పదమూడు నెలలు. ఈ చివరిది పోయిందని రాయాలో, లేనిదాన్ని ఉందనుకున్నానని రాయాలో నాకిప్పటికీ తేలలేదు. ప్రస్తుతానికి పోయినవాటిలోనే ఉంచుతున్నాను. తప్పని ఎవరైనా చూపిస్తే కొట్టేస్తాను.

ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఇది మనం ఫుట్‌బాల్ అనేది కాదు. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లని గుద్దుకుంటూ పోయే అమెరికా ఆట. సింగపూర్‌లో ఉన్న మేం పదిమందిమి తలా ఒక ఉత్తుత్తి జట్టు పెట్టుకున్నాం. ఉత్తుత్తి అన్నది జట్టుకే, ఆటగాళ్లు నిజం వాళ్లే. వాళ్లు అక్కడ బాగా ఆడితే ఇక్కడ మాకు పాయింట్లు. ఒకసారి తీసుకున్నవాడు మనం వదిలేదాకా మనవాడే. ప్రతి మే నెలలోనూ కాలేజీల నుంచి కొత్తగా వచ్చినవాళ్లని చుట్లు చుట్లుగా, చుట్టుకి తలా ఒక వంతు చొప్పున పంచుకుంటాం. ఆ వంతు కూడా ఒక సరుకే. ఇచ్చిపుచ్చుకోవచ్చు. వచ్చే ఏడాది వంతుని ఈ ఏడాదే ఇచ్చేయవచ్చు. అక్కడే మనిషి చెడిపోతాడు.

ఈ పందిరి వేసింది మా బావమరిది. ఇక్కడే పుంగ్గోల్‌లో ఉంటాడు. ఇక్కడికి రాకముందు నాలుగేళ్లు అమెరికాలో చదివి ఈ పిచ్చి పట్టించుకొచ్చాడు. పదో మనిషి తక్కువయ్యాడని నన్ను చేర్చాడు. నాకు ఆట రాదు. ఇప్పటికీ సగమే వచ్చు. నాకు వచ్చింది లెక్క. అదీ ఎవరూ నేర్పింది కాదు. నేను పనిచేసేది ఒక గోడౌన్‌లో. అక్కడి ఫోర్క్‌లిఫ్ట్‌ల బ్యాటరీలు ఇంకెన్నాళ్లు వస్తాయో ముందే చెప్పడం నా పని. ఎన్నిసార్లు చార్జింగ్ అయింది, ఎంత బరువు ఎత్తింది, ఎంత వేడిలో నిలబడింది అని గడులు గీసుకుని, తప్పులు చేసి, ఆ తప్పుల్లోంచి నేర్చుకున్నాను.

ఆట తెలిసింది మా అమ్మాయికి. చేరిన ఏడాది దానికి పన్నెండేళ్లు. నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఆట ముక్కలు చూస్తూ ఆఖరి వంతులో ఒక రిసీవర్ని తీసుకోమంది. దూరం నుంచి విసిరిన బంతిని పట్టుకునేవాణ్ని రిసీవర్ అంటారు. అతనికి అప్పుడు ఇరవై రెండు. ఎవరూ అడగని మనిషి.

"ఎందుకమ్మా వీడు?" అన్నాను.

"బాల్ వదిలేస్తే అందరూ ఆకాశం చూస్తారు నాన్నా. వీడు తన చేతులు చూసుకుంటున్నాడు. వాటిని అడుగుతున్నట్టు."

దీనికి నా గడుల్లో చోటు లేదు. కానీ ఆఖరి వంతు కదా అని తీసుకున్నాం. మూడో ఏటికి అతను మా జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చేవాడయ్యాడు. ఆ రోజుల్లోనే అమ్మాయి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించింది: ఏ మార్పుకైనా రెండు ఓట్లు కావాలి, ఒకటి నాన్న, ఒకటి నేను. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.

పెద్దదయ్యేకొద్దీ మా ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి. గొడవేమీ లేదు. పాలిటెక్నిక్‌లో చేరాక దాని గది తలుపు మూసి ఉండేది, నా షిఫ్టులు మారుతుండేవి. మిగిలింది శనివారం పొద్దున ఒక గంట. టాంపినీస్‌లో మా బ్లాకు దగ్గరి హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే షెడ్డులో, ఫ్యాన్ కింద బల్ల. నేను ముందెళ్లి రెండు కుర్చీల ముందు టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసేవాణ్ని, అంటే చోటు పట్టేవాణ్ని. అది తోసె, నేను కోపి; దోసెకీ కాఫీకీ ఇక్కడి పేర్లు. ఆ గంటలో మాట్లాడుకున్నది ఆట గురించే. అయినా అది మాటే కదా. ఇంట్లో ఎవరికి ఏం బాగోలేదో, ఎవరు దేనికి భయపడుతున్నారో కూడా ఆ ఆటగాళ్ల పేర్ల మధ్య నుంచే నాకు తెలిసేది. ఆ గంట పోతే మళ్లీ తెచ్చుకునే దారి నాకు తెలియదు. ఈ సంగతి అప్పుడూ తెలుసు. తెలిసే చేశాను.

రెండేళ్ల కిందటి మే నెలలో బావమరిది దగ్గర మొదటి చుట్టులో మూడో వంతు ఉంది. ఆ వంతుకి ఒక కొత్త రన్నింగ్ బ్యాక్ అందేలా ఉన్నాడు. బంతిని కడుపుకి అదుముకుని గుంపులోకి దూరి పరుగెత్తేవాణ్ని అలా అంటారు. మా ఇంట్లో పరుగులవాడు అంటాం. రిసీవరు ముప్పై దాటాక కూడా ఆడగలడు. పరుగులవాడు ప్రతిసారీ గుద్దించుకుంటాడు, కాళ్లు త్వరగా పోతాయి. ఇరవై ఏడు దాటితే ఆశ పెట్టుకోకూడదని నా గీత. కాబట్టి పరుగులవాడి విషయంలో అసలు ప్రశ్న ఎంత బాగా పరుగెడతాడన్నది కాదు, ఇంకా ఎన్ని సీజన్లు పరుగెడతాడన్నది.

ఈ ప్రశ్న నాకు బాగా పరిచయమైనదిగా తోచింది. బ్యాటరీ లెక్కే కదా అనుకున్నాను. కాలేజీలో ఎన్నిసార్లు బంతి మోశాడో చూశాను. అది చార్జింగుల గడి. ఒళ్లు బరువు, అతని ముందు నిలబడి దారి చేసే జట్టువాళ్లు ఎలాంటివాళ్లు, విసిరిన బంతిని కూడా పట్టగలడా, పక్కన ఇంకో పరుగులవాడు వాటాకి ఉన్నాడా. చివరి గడి వయసు. నాలుగు సీజన్లు వస్తాయంటే, రిసీవర్ని ఇచ్చి ఆ వంతు తీసుకునే ఈ బేరం వద్దు, ఐదు వస్తాయంటే చేయాలి అని ముందే రాసుకున్నాను. ముందే రాసుకుంటే మనసు జోక్యం చేసుకోదని నా నమ్మకం. షీటు యాభై ఏడు నెలలు చూపించింది. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఐదు సీజన్లు.

అమ్మాయి అంతకు ముందు శనివారమే అతని వీడియోలు చూసింది. "ముందు కన్నం ఉంటే దూరతాడు నాన్నా. లేకపోతే ఆగిపోతాడు. మనం లిఫ్ట్ కోసం నిలబడ్డట్టు. నాకు ఇంకో వారం చూడాలి," అంది.

వారం లేదు. శుక్రవారం సాయంత్రం ఫీడర్ బస్సు కోసం నిలబడి ఉండగా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఇవాళే ఆఖరు. మన లీగ్‌లో పాసిర్ రిస్ ఆయన ఈ వంతు కోసం ఇందాకే మళ్లీ అడిగాడు."

"రిసీవర్ని ఇస్తున్నా కదా. వాడొక్కడు చాలడా?"

"ఇరవై తొమ్మిదేళ్లోడు బావా. వాడికి మూడో వంతు ఇచ్చానంటే మీ చెల్లెలు కూడా నవ్వుద్ది, దానికి ఆట కూడా తెలీదు. వచ్చే ఏడు మొదటి చుట్టు వంతు, ఆ పై ఏడు రెండో చుట్టు వంతు కలపండి."

బస్సు వచ్చింది. ఎక్కాను. కార్డు తాకించాను.

"సరే," అన్నాను.

"మీ పార్ట్‌నర్‌ని అడిగారా? తర్వాత మావయ్య మోసం చేశాడని నా మీద పడుద్ది."

"అడిగాను."

నా వయసులో అబద్ధం ఆడటానికి అంత తక్కువ కష్టం చాలడం నాకే వింతగా అనిపించింది. అడిగితే వద్దంటుందని తెలుసు. వద్దంటే షీటు చెప్పింది వృథా అవుతుంది. నాలుగు రాత్రుల లెక్క. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

మర్నాడు బల్ల దగ్గర తోసె ముక్క సాంబారులో ముంచి, రెండో చేత్తో ఫోన్ చూసుకుంటున్న అమ్మాయి ముంచడం ఆపింది.

"నాన్నా, మనవాడు మావయ్య టీమ్‌లో ఉన్నాడేంటి?"

"మార్చాను."

"మార్చానా, మార్చామా?"

ఆ అక్షరం దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులోనే ఆలోచించే పిల్ల, తెలుగులో ఈ తేడాని ఎక్కడ పట్టుకుందో.

"మార్చాను," అన్నాను మళ్లీ.

"రెండో ఓటు ఎవరిది?"

"షీటు చూశానమ్మా. ఐదు సీజన్లు వస్తాడు."

"షీటుకి ఓటు ఎప్పుడిచ్చాం? సరే, చూపించు."

చూపించాను. కోపం వస్తే బాగుండేది. నిదానంగా ఒక్కో గడీ చదివింది. వయసు గడి దగ్గర ఆగింది. అతని పుట్టిన తేదీ చెరిపి తన పుట్టిన తేదీ కొట్టింది. ఫోన్ నా వైపు తిప్పింది.

"నాకు పద్దెనిమిదంట."

"నీకు పందొమ్మిది నిండాయి కదా. మొన్న మార్చిలోనే."

"నీ షీటు ఒప్పుకోవట్లేదు లాహ్. పద్దెనిమిది మీద ఒక నెల అంటోంది." మాట చివర లాహ్ ఇక్కడి పిల్లల అలవాటు.

ఫోన్ తీసుకుని సూత్రం తెరిచి చూశాను. చివర్లో ఉంది. మైనస్ పదమూడు నెలలు.

నాకు రెండు పుట్టినరోజులు. ఒకటి ఆషాఢంలో, అమ్మ చెప్పింది. ఒకటి జూన్‌లో, బడి హెడ్మాస్టరు రాసింది. ఒకటో తరగతికి వయసు చాలలేదని ఆయన పదమూడు నెలలు కలిపేశాడు. మా ఊళ్లో నా ఈడువాళ్లలో సగం మంది జూన్‌లోనే పుట్టారు. పాస్‌పోర్టులోనూ ఆఫీసులోనూ నేను పదమూడు నెలలు పెద్ద. ఇంకా ఎన్నేళ్లు పనిచేయగలనో చూసుకోవడానికి ఒక షీటు చేసుకున్నప్పుడు, కాగితం మీది వయసులోంచి ఆ పదమూడు నెలలు తీసేసేలా సూత్రం రాసుకున్నాను. పరుగులవాడి షీటు కొత్తగా చేయకుండా ఆ షీటుకే నకలు తీశాను. పాత ఆటగాళ్ల వయసులు తయారుగా దొరికినవి ఎక్కించాను కాబట్టి వాళ్లకి ఏమీ కాలేదు. పుట్టిన తేదీ నుంచి నేను వయసు కట్టింది ఈ కొత్తవాడికి ఒక్కడికే. అతనికి ఇరవై మూడేళ్ల నాలుగు నెలలు. నా షీటులో ఇరవై రెండేళ్ల మూడు నెలలు. యాభై ఏడు కాదు, నలభై నాలుగు నెలలు. ఐదు సీజన్లు కాదు, నాలుగు.

హెడ్మాస్టరు కథ అమ్మాయికి తెలుసు. చిన్నప్పుడు నవ్వుకుంటూ మళ్లీ మళ్లీ చెప్పించుకునేది. ఈసారి నవ్వలేదు.

"ఈ అబ్బాయికి కూడా హెడ్మాస్టరు ఉన్నాడా నాన్నా, అమెరికాలో?"

మిగిలిన తోసె నెమ్మదిగా తిని, పళ్లెం తీసుకెళ్లి పెట్టే చోట పెట్టి, అటు నుంచి అటే వెళ్లిపోయింది. నేను ఇంటికి వెళ్లేసరికి ఫ్రిజ్ తలుపు మీద టేపు మరకలు నాలుగు ఉన్నాయి, కాగితం లేదు.

ఆ తర్వాత దాని శనివారాలకి వేరే పనులు వచ్చాయి. ఇంట్లో అన్నం పెట్టుకున్నావా అంటే పెట్టుకున్నానంది. గొడుగు తీసుకెళ్లమంటే తీసుకెళ్లింది. మా ఆవిడ ఒకటి రెండుసార్లు, "ఏవండీ, బంతాట గురించి ఇంత బిగుసుకుంటారా ఇద్దరూ?" అంది. బంతాట గురించి కాదని చెప్పాలనుకున్నాను. అయితే దేని గురించి అని అడిగితే చెప్పడానికి నా దగ్గర తయారుగా లేదు. మార్చాను, మార్చాము. అంతే తేడా.

నేను మటుకు ప్రతి శనివారం వెళ్లాను. అలవాటుగా రెండు కుర్చీలూ చోప్ చేసేవాణ్ని. ఎవరైనా వచ్చి, "అంకుల్, ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అంటే, ఉన్నారు అనేవాణ్ని.

మే నెలలోనే వంతు వచ్చినప్పుడు పరుగులవాణ్ని తీసుకున్నాను. తీసుకోకుండా ఉండొచ్చు. బేరం అయిపోయింది కానీ వంతుతో వేరే ఎవర్నైనా తీసుకోవచ్చు కదా. సరైన వయసు వేసి షీటు మళ్లీ నడిపితే వద్దనే చెప్పింది. అయినా అతన్నే తీసుకున్నాను. ఎందుకో ఇప్పటికీ వివరించలేను. తప్పు లెక్కతో వచ్చిన మనిషి మీద నాకు అప్పటికే ఒక రకమైన బాధ్యత ఏర్పడినట్టుంది. అదీ కాక ఒక సందేహం మొదలైంది. ఆ పదమూడు నెలలు పొరపాటున ఉండిపోయాయా, చూసి కూడా నా కళ్లు దాటిపోయాయా? కాగితం మీది వయసుని నమ్మడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు. నా వరకు నిజమైన వయసంటే కాగితం మీద ఉన్నదాని కంటే తక్కువే.

సెప్టెంబరులో సీజన్ మొదలైంది. ఆటలు అక్కడ ఆదివారం, మాకు తెల్లారేసరికి సోమవారం. ఆఫీసుకి వెళ్లే ట్రైన్‌లో నిలబడి చూసుకునేవాణ్ని. మొదటి వారం నాలుగుసార్లు బంతి మోశాడు, అంతే. రెండో వారం లీగ్ మొత్తంలో మాకే ఎక్కువ పాయింట్లు, అతని వల్ల. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను. మూడో వారం మళ్లీ ఏమీ లేదు. నాలుగో వారం బాగా ఆడుతుండగా చీలమండ మడత పడింది. నాలుగు అంకెలు. వీటి సగటు తీస్తే మంచి ఆటగాడు. విడివిడిగా చూస్తే నలుగురు వేర్వేరు మనుషులు. అక్కడ బావమరిది జట్టులో మా పాత రిసీవరు ప్రతి వారమూ ఒకేలా, పద్ధతిగా పాయింట్లు తెస్తున్నాడు.

"బావా, ఈ వారం మీవాడి వయసెంత?" అని మెసేజ్ పెట్టాడు బావమరిది. అప్పటికి సంగతి అందరికీ తెలిసిపోయింది.

ఆ శనివారం ఒకాయన వచ్చి ఎదురు కుర్చీ మీద చెయ్యి వేశాడు. ఉన్నారు అనబోతుంటే, "సారీ అంకుల్, అది నాది," అని వెనక నుంచి వినిపించింది. అమ్మాయి తోసె పళ్లెంతో సహా వచ్చి కూర్చుంది.

"యాంకిల్ ఎన్ని వారాలు?" అంది.

"ఆరు అంటున్నారు."

"మావయ్య ఏమన్నాడు?"

"ఈ వారం వయసెంతని అడిగాడు."

నవ్వు వస్తే నా కోపి కప్పు పైకెత్తి దాచుకుంది. కప్పు దించేసరికి ముఖం మళ్లీ మామూలుగా ఉంది. బ్యాగులోంచి కాగితం తీసింది. ఫ్రిజ్ మీద ఉన్నదే. వెనక వైపు కొత్తగా రాసి ఉంది.

"పది నిర్ణయాలు నాకు బాకీ నువ్వు. నేనొక్కదాన్నే చేస్తాను. నువ్వు మాట్లాడొచ్చు, ఓటు ఉండదు. పదీ అయ్యాక మళ్లీ రెండు ఓట్లు."

"పది ఎందుకు? పదమూడు కావాలి కదా."

"హెడ్మాస్టర్ డిస్కౌంట్."

సంతకం పెట్టాను.

మొదటి నిర్ణయం అప్పుడే, అక్కడే చేసింది. పాసిర్ రిస్ ఆయన చీలమండ సంగతి తెలిసి కూడా పరుగులవాణ్ని అడిగాడు. అమ్మనంది. నాకు అమ్మాలని ఉంది, మాట్లాడాను, విన్నది, అమ్మలేదు. రెండోది, మూడోది చిన్నవి. నాలుగోది షీటు గురించి. పదమూడు నెలలు తీసేయబోతే వద్దంది. దాన్ని వేరే గడి చేసి, పైన హెడ్మాస్టరు అని పేరు పెట్టించింది. ఇప్పుడు ప్రతి ఆటగాడికీ రెండు వయసులు ఉంటాయి. ఐదోది, రిసీవర్ని తిరిగి తెద్దామని నేనే అడిగాను, కొంత తగ్గి బేరం ఆడదామని. "వద్దు నాన్నా. వాడు అక్కడ బాగున్నాడు," అంది. దాని గొంతులో ఏముందో పట్టుకోలేకపోయాను.

ఆరోది మొన్న మే నెలలో. పరుగులవాడికి ఇరవై అయిదు దాటాయి, హెడ్మాస్టరు గడిలో ఇరవై నాలుగు. రెండో సీజన్ చివర బాగా ఆడాడు. బావమరిది ఫోన్ చేసి మొదటి చుట్టు వంతు ఒకటి ఇస్తానన్నాడు. నా సరైన షీటు కూడా, అంటే అమ్మాయి దిద్దించిన షీటు కూడా, అమ్మేయమనే చెప్పింది. అమ్మాయి ఒప్పుకోలేదు.

"ఆగడం నేర్చుకున్నాడు నాన్నా."

"ఆగుతాడనే కదా అప్పుడు వద్దన్నావు?"

"అప్పుడు కన్నం కోసం ఆగేవాడు. ఇప్పుడు వాళ్లు ముందు కదిలేదాకా ఆగుతున్నాడు. చూడు."

ఫోన్ బల్ల మీద నిలబెట్టి చూపించింది. చూశాను. మళ్లీ వేయమన్నాను. పదిసార్లు చూశాను. ఆగుతున్నాడు, నిజమే. రెండేళ్ల కిందటి వీడియో కూడా పక్కన పెట్టి చూశాను. అందులోనూ ఆగుతున్నాడు. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. దానికి అలా లేవు. వీటిలో ఏది లెక్కలోకి వస్తుందో, దానికి ఏ గడి గీయాలో నాకు తెలియడం లేదు. తప్పు లెక్క చెప్పిన ఐదు సీజన్లే చివరికి నిజమైతే నేను గెలిచినట్టా, దొరికిపోయినట్టా? అడిగితే, "చూద్దాం లాహ్," అంది.

ఇప్పుడు మేం కూర్చునేది అదే సెంటర్లో అవతలి వరస. పాత తోసె దుకాణం కంటే అక్కడిది బాగుంటుందని అమ్మాయే మార్చింది, నన్ను ఓటు అడగకుండా. అది ఏడో నిర్ణయమని నేను రాసుకున్నాను. తిండి లెక్కలోకి రాదని అది కొట్టేసింది. తొందరగా మిగిలిన నిర్ణయాలు కూడా వాడేసుకుంటే మళ్లీ రెండు ఓట్లకి వచ్చేయొచ్చు కదా అన్నాను పోయిన శనివారం. తొందరేముంది నాన్నా అని నా కోపిలో సగం తాగేసింది. నా లెక్కలో ఇంకా బాకీ మూడు. దాని లెక్కలో నాలుగు. షీటులో నాలుగనే వేశాను.